దీపం నిలబడిందన్న మాట

తిరుపతిలో నాగరత్నమ్మకు మూడు లాడ్జీలున్నాయి. పుత్తూరు దారిలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఉంది. ఇంట్లో రెండు కార్లు, ఇద్దరు డ్రైవర్లు. ఇంత ఉన్నావిడ, వడమాలపేట పక్కనే ఉన్న పుట్టినూరికి ముక్కాలు గంట ప్రయాణమే అయినా, యాభై ఏళ్లలో నాలుగైదుసార్లకు మించి పోలేదు. పోయినా ఏ పెళ్లికో చావుకో పోయి, కాఫీ తాగేంతసేపు కూర్చుని, మోకాళ్ల నొప్పులని చెప్పి లేచి వచ్చేసేది. డబ్బు చేసినాక పుట్టినూరు చేదయిందని ఊళ్లో అనుకున్నారు. అనుకోనీలే అని ఆమె ఊరుకుంది. అసలు సంగతి బయటపడడం కన్నా ఆ మాట పడడమే ఆమెకు సుఖం.

అలాంటిది, కార్గిల్ యుద్ధం ముగిసిన ఆ ఏడాది ఊరే ఆమె ఇంటికి వచ్చింది. హైస్కూలు హెడ్మాస్టరు ధనంజయ, ఇద్దరు పెద్దమనుషులను వెంటబెట్టుకుని వచ్చి, పళ్ల పళ్లెం చేతిలో పెట్టాడు. ఆమె కొడుకు మునిశేఖర్ ఇచ్చిన డబ్బుతో స్కూలుకు కొత్త బిల్డింగు పూర్తయింది. ఆగస్టు పదిహేనున తెరవాలి. ఆ రోజే కార్గిల్ జవాన్ల కోసం చందా కూడా వసూలు చేస్తారు.

"అమ్మా, మీరు రెండు మాటలు మాట్లాడాల. మీ చిన్నప్పుడు పెద్ద యుద్ధం జరిగింది గదా, ఆ కాలంలో మన పల్లెల్లో ఎట్లా బతికినారో పిల్లోళ్లకు తెలియాల. ఇదిగో, శిలాఫలకం మీద ఈ మాటలు చెక్కిస్తాండాం, ఒకసారి చూడండి" అని కాగితం ఇచ్చాడు ధనంజయ.

కళ్లజోడు పెట్టుకుని ఆమె చదివింది. 'యుద్ధకాలపు కరువులో ఊరి ఆకలి తీర్చిన అన్నదాత, కీర్తిశేషులు మునివెంకటప్పనాయుడు గారి జ్ఞాపకార్థం.'

చచ్చినవాడి కళ్లు చారెడని ఊరికే అనలేదు. మునివెంకటప్పనాయుడు ఆమె నాయన. ఆ కరువులో ఊరి ఆకలి ఆయన తీర్చింది ఏమీ లేదు. ఆయన ఇంటి పశువుల దొడ్లో, బండ కింద, ఎన్ని పుట్ల రాగులున్నాయో ఆ ఊళ్లో ముగ్గురికే తెలుసు. అందులో ఇద్దరు చచ్చిపోయారు. మూడో మనిషి కళ్లజోడు తీసి, "బాగుండాదప్పా" అని కాగితం తిరిగి ఇచ్చేసింది.

ఆ సాయంత్రం మనవరాలు ఐశ్వర్య నోటు పుస్తకం పట్టుకుని పక్కన చేరింది. డిగ్రీ చదువుతోంది, రాయడమంటే ఆ పిల్లకు సరదా. "చెప్పవ్వా, నేను రాసిస్తా. మైకు ముందర తడుముకోకుండా చదివేద్దువు" అంది.

నాగరత్నమ్మ చెప్పింది. చెప్పడానికి కొదవేముంది? మద్రాసు మీద బాంబులు పడతాయని మేనత్తలూ పిన్నమ్మలూ ట్రంకు పెట్టెలతో, కాఫీ గింజలు వేయించే పెనంతో సహా దిగబడడం చెప్పింది. ఇరవైమంది ఇంటినిండా చేరి, సంగటి మింగడం చేతగాక నమిలి నమిలి ఏడ్చిన మద్రాసు పిల్లల సంగతి చెప్పింది. బర్మా బియ్యం రావడం ఆగిపోయిందనీ, కిరసనాయిలు దొరక్క ఆముదం దీపాలు పెట్టుకున్నారనీ, అగ్గిపెట్టె దొరకడమే గగనమై అమ్మ అగ్గిపుల్లలను కొంగున ముడేసుకుని తిరిగేదనీ చెప్పింది. గానుగ ఆడే రోజుల్లో ఊరంతా బెల్లం వాసన, వేరుశెనక్కాయలు పీకే రోజుల్లో పిల్లలందరికీ కడుపునొప్పులు. ఐశ్వర్య నవ్వుకుంటూ రాసుకుంది.

"ముత్తాత జనానికి రాగులు పంచినాడంట గదా, అది చెప్పలేదే?"

"అది వాళ్లే చెప్తార్లే" అని నాగరత్నమ్మ మాట దాటేసింది. పూజ గదిలో దీపం పెట్టాలని లేచి పోయింది. దీపం పెట్టే వేళ ఇంకా కాలేదు.

* * *

ఆ పల్లెల్లో రాగులను పాతరలో పోసేవారు. పాతరంటే నేలలో తవ్విన పెద్ద గుంత. లోపల ఇంత గది, పైన మూతి చేటంత. చుట్టూ గడ్డి పరిచి, రాగులు పోసి, మూతికి బండ వేసి, మట్టీ పేడా కలిపి మెత్తితే పదేళ్లయినా పురుగు పట్టదు. అయితే గింజకు మంచిదైనది మనిషికి మంచిది కాదు. ఏళ్ల తరబడి మూసి ఉంచిన పాతరలో గాలి చచ్చిపోతుంది. మూత తీసిన వెంటనే దిగినవాడు మళ్లీ పైకి రాడు. అందుకని తెరిచినాక ఒక పగలూ ఒక రాత్రీ అట్లాగే వదిలేస్తారు. మరునాడు ముంతలో దీపం వెలిగించి తాడుతో దించుతారు. అడుగుకు పోయి దీపం నిలబడితే మనిషి దిగొచ్చు. ఆరిపోతే ఇంకో పూట ఆగాల్సిందే.

ఆ దీపం దించే పని ఇంటి ఆడపిల్లది. గింజ లక్ష్మి, లక్ష్మిని ఆడపిల్లే పిలవాలని ఆచారం. ఆ పిల్ల దీపం దించి, వంగి చూసి, "నిలబడింది" అని చెప్పేదాకా మగవాళ్లు మూతి దగ్గరకు రాకూడదు. పదో ఏట నుంచీ ఆ ఇంట్లో ఆ పని రత్నమ్మదే, నాగరత్నమ్మను అప్పట్లో అందరూ అట్లాగే పిలిచేవారు. పావడా ఎగదోపుకుని పాతర పక్కన బోర్లా పడుకుని, పెద్దవాళ్లందరూ తన నోటి వైపు చూస్తూ ఉంటే ఆ పిల్లకు మహా గొప్పగా ఉండేది.

నలభై మూడులో, ఆమెకు పదమూడేళ్లప్పుడు, రాగులు బంగారమయ్యాయి. ఊళ్లో జనం చింతగింజలు దంచుకుని పిండి చేసుకుంటున్నారు. మునివెంకటప్పనాయుడు మాత్రం గింజలేమీ లేవని చేతులెత్తేశాడు. దొడ్లో పాతర ఉందని అందరికీ తెలుసు, అందులో ఏమాత్రం ఉందో తెలియదు. "ఇత్తనానికని నాలుగు బస్తాలు మిగిలినాయి, అంతే" అని ఆయన చెబితే నమ్మారు. ఇంతలో తిరుపతి వర్తకుడొకడు మూడింతల ధర ఇస్తానన్నాడు. ఫలానా రోజు మధ్యాహ్నం బండ్లు తోలుకొస్తాను, మూటలు కట్టి సిద్ధంగా పెట్టమన్నాడు. ఆ కబురు ఆ రోజు తెల్లవారినాకనే అందింది.

ఒక పగలూ ఒక రాత్రీ ఆగే తీరిక ఎక్కడిది? నాయన జీతగాడు తిరుమలయ్య ఒక్కణ్ణే పిలిచాడు. నోరు లేని మనిషి, నమ్మకస్తుడు. ఇద్దరూ పొద్దున్నే బండ పక్కకు జరిపారు. "గాలి ఆడనీ, రెండు గంటలు సాలు. మనకు దీపముండాది గదా, అది సెప్తాది" అన్నాడు నాయన. తిరుమలయ్య కొంచెం వెనకాడాడు గానీ, రత్నమ్మ ముంత తీసుకుని రావడం చూసి నవ్వాడు. "మా రత్నమ్మ సెప్తే లచ్చిమి సెప్పినట్టే గదా నాయుడా" అన్నాడు.

అమ్మ మూడే అగ్గిపుల్లలిచ్చింది. మొదటి పుల్ల గాలికి పోయింది. రెండోదానితో దీపం వెలిగించి దించితే, సగం లోతులోనే చిన్నదై ఆరిపోయింది. పైకి లాగి మూడో పుల్ల గీసి మళ్లీ దించింది. ఈసారి ఇంకో మూర లోతుకు పోయి ఆరింది. ఇంక నిప్పు కావాలంటే వంటింట్లోకి పోయి పొయ్యిలోంచి తెచ్చుకోవాలి. పోతే, పుల్లలన్నీ తగలేశావా అని అమ్మ తిట్టే తిట్లు ఇరవైమంది చుట్టాల ముందర పడాలి. అప్పుడే రోడ్డు వైపు నుంచి పెద్ద మోత వచ్చింది. మద్రాసుకు పోయే మిలిటరీ లారీలు. ఇంట్లో పిల్లలందరూ కేకలేస్తూ రోడ్డుకు పరుగు తీశారు.

వాకిట్లోంచి నాయన కేకేశాడు. "దీపం నిలబడిందా పాపా?"

"నిలబడింది నాయనా" అంది రత్నమ్మ.

అని, చల్లారిన ముంతను పాతర పక్కనే పెట్టి, లారీలను చూడడానికి పరుగెత్తింది.

పదమూడేళ్ల పిల్లకు చావంటే ఏం తెలుసు అని ఆమె తర్వాత తనకు తాను ఎన్నిసార్లు చెప్పుకుందో లెక్కలేదు. ఎన్నిసార్లు చెప్పుకున్నా ఆ మాట అతకలేదు. ఎందుకంటే తెలుసు. ఆరితే దిగకూడదని మూడేళ్లుగా తెలుసు. తెలిసే చెప్పింది.

రోడ్డు మీద తిరుమలయ్య కూతురు సిద్ధమ్మ అప్పటికే నిలబడి చేతులూపుతోంది. ఇద్దరిదీ ఒకటే ఈడు, ఒకటే ఆట. లారీలోంచి ఒక సిపాయి బిస్కట్ల పొట్లం విసిరాడు. రత్నమ్మ పట్టుకుంది. ఇద్దరూ గట్టు మీద కూర్చుని చెరిసగం తిన్నారు. సిద్ధమ్మ ఒకటి తినకుండా వాళ్ల నాయనకని పైట కొంగులో దాచింది. ఆ బిస్కట్టు ఇచ్చేదానికి నాయుడింటికి పోయేసరికి, దొడ్లో తిరుమలయ్యను బయటకు తీసి పడుకోబెట్టి ఉన్నారు.

అప్పటికి ఊరు గుమిగూడింది. మునివెంకటప్పనాయుడు అరుగు మీద నిలబడి చెబుతున్నాడు. "పాతర మూతి తెరిసి గాలికి వదిలినాం. రేపు గదా దిగాల. లారీలొచ్చినాయని ఇంట్లో పిల్లోళ్లందరూ రోడ్డుకు పోయినారు. నేను బండి సూసుకుందామని కల్లం కాడికి పోయినా. అదను సూసుకుని గోనె పట్టుకోని దిగినాడు. నా ఇంటి కూడు తింటా, నా ఇంటికే కన్నమేసినాడు." శవం పక్కన గోనె సంచి ఉండనే ఉంది. మూటలు కట్టమని ఇచ్చిన సంచి అది.

తిరుమలయ్య భార్య అంతసేపూ గుండెలు బాదుకుంటూ ఏడుస్తున్నది, ఆ మాట విని ఒక్కసారిగా ఏడుపు ఆపేసింది. రత్నమ్మ తలుపు చాటున నిలబడి చూసింది. నాయన కళ్లు ఆమె కళ్లను కలుసుకున్నాయి. ఆరిన ముంతను నాయన చూశాడో లేదో ఆమెకు ఆ రోజు తెలియలేదు, ఆ తర్వాతా తెలియలేదు. ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు. రాగులు వారం తర్వాత గుట్టుగా తిరుపతికి పోయాయి. మూడేళ్లకు రత్నమ్మ కూడా పెళ్లి చేసుకుని తిరుపతికే పోయింది. ఆ రాగుల డబ్బుతోనే ఆమె నగలు చేయించారు. తిరుమలయ్యకు మాత్రం పాతర దొంగ అనే పేరు మిగిలింది.

* * *

ఆగస్టు పదిహేనున స్కూలు ముందర షామియానా వేశారు. జెండా ఎగరేశారు, పిల్లలు పాటలు పాడారు. నాగరత్నమ్మ కుర్చీలో పట్టుచీర కట్టుకుని కూర్చుంది. ఫలకం మీద తెర తీయగానే ధనంజయ మైకులో, "ఆనాడు తన గాదెలు తెరిచి ఊరిని బతికించిన మహానుభావుడు" అని మొదలుపెట్టాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఆమె కొంగు సర్దుకుంది.

అప్పుడే మూడో వరసలో సిద్ధమ్మ కనబడింది. జుట్టు ముగ్గుబుట్టయింది, బుగ్గలు లోపలికి పోయాయి, అయినా గుర్తుపట్టింది. సిద్ధమ్మ పక్కన కూర్చున్న ఇద్దరు ఆడవాళ్లు ఫలకం వైపు చూసి, సిద్ధమ్మ వైపు చూసి, మూతులకు కొంగులు అడ్డం పెట్టుకుని ఏదో అనుకున్నారు. ఏమనుకున్నారో నాగరత్నమ్మకు వినబడనక్కర్లేదు. యాభై ఆరేళ్ల నుంచీ ఆ ఊరు అనుకుంటున్నదే అది.

ఐశ్వర్య రాసిచ్చిన కాగితాలు ఆమె చేతిలో ఉన్నాయి. మైకు ముందర నిలబడి మద్రాసు చుట్టాల సంగతి చదివింది. జనం నవ్వారు. అగ్గిపుల్లల దగ్గరికి వచ్చేసరికి చదవడం ఆపింది. కాగితాలు మడిచి పక్కన పెట్టింది.

"ఆ ఫలకం మింద రాసింది అబద్ధం" అంది. "మా నాయన ఎవురి ఆకలీ తీర్చలా. పాతరలో పుట్లకొద్దీ రాగులుంటే లేవని చెప్పినాడు. తిరుమలయ్య అని మా జీతగాడుండేవాడు. ఆయప్ప దొంగతనానికి దిగలా. బండ్లొస్తాండాయని, గాలి ఆడకముందే మా నాయనే దింపినాడు. చచ్చిపోతే, తన తప్పు బయటపడతాదని దొంగని చెప్పినాడు. తిరుమలయ్య దొంగ కాదు. ఇది నేను ఎప్పుడో చెప్పాల్సింది."

మునిశేఖర్ ముఖం కందగడ్డయింది. తర్వాత ఎవరో చప్పట్లు కొట్టారు. వెనక నుంచి ముందుకు, ముందు నుంచి పక్కలకు, అందరూ కొట్టారు. ధనంజయ కళ్లు తుడుచుకుంటూ మైకు అందుకున్నాడు. "కన్నతండ్రి తప్పును నలుగురిలో ఒప్పుకోవాలంటే ఎంత గుండె కావాల! పిల్లలూ, సత్యమంటే ఇది! అమ్మగారి పేరే ఈ బిల్డింగుకు పెడదాం!" మళ్లీ చప్పట్లు. చిన్న పిల్లొకతె వచ్చి ఆమె మెడలో బంతిపూల దండ వేసింది. ఆ దండ బరువుకు ఆమె తల పైకెత్తలేకపోయింది. చెప్పాల్సింది సగమే చెప్పింది. ఆ సగానికే పూజ జరుగుతోంది.

మీటింగు అయ్యాక జనం కదులుతుంటే సిద్ధమ్మ వచ్చింది. వస్తూనే నాగరత్నమ్మ రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది.

"మా తల్లే! మా నాయన దొంగ కాదని నీ నోటితో అన్నావు. ఈ పుటక్కు నాకింతే సాలు. నీ కాళ్లు కడిగి నీళ్లు నెత్తిన సల్లుకోవాల."

"అంత మాటొద్దు సిద్ధా" అంది నాగరత్నమ్మ. చేతులు విడిపించుకోబోయింది. సిద్ధమ్మ వదల్లేదు.

"మా యమ్మ ఉండుంటే ఎంత బాగుండును! పోయిన మాసి నెలలో పోయిందమ్మా, ఎనబై ఏడేండ్లు బతికి. నీకొకటి సెప్పాల. ఆ పొద్దున మా నాయన పనికి బయలెల్లేటప్పుడు మా యమ్మే అనిందంట, పిల్లోళ్లు ఆకలికి ఏడస్తాండారు, నాయుడింట్లో ఒక దోసెడు రాగులు పంచె కొంగులో ఏసుకోని రాకూడదా అని. అందుకే దొంగని మీ నాయన సెప్తే నమ్మేసింది. నా మాటకే దిగినాడు, నేనే మొగుణ్ణి సంపుకున్నా అని దినామూ ఏడ్సేది. అప్పుటి నుంచి సచ్చేదాకా రాగి సంగటి ముట్టలా. ఈ మాట ఒక్కటి ఇనిపోయుంటే సుకంగా పోయుండును."

నాగరత్నమ్మ పక్కనున్న కుర్చీలో కూలబడింది. తన పాపాన్ని ఇంకొక ఆడది తన పాపమనుకుని, యాభై ఆరేళ్లు మోసి, ఆరు నెలల కిందట పోయింది. తనేమో అదే యాభై ఆరేళ్లు మెత్తటి పరుపుల మీద నిద్రపోయింది. ఇంకా ఈ చేతుల్లో తన చేతులు ఉంచుకోవడం ఆమె వల్ల కాలేదు.

"సిద్ధా, మీ యమ్మ కాదు, నేను. దీపం దించింది నేను. రెండు తూర్లు ఆరిపోయింది. నాయన అడిగితే నిలబడిందని చెప్పి లారీలను చూసేదానికి పరిగెత్తినా. నా మాట నమ్మే మీ నాయన దిగినాడు."

ఆమె గొంతు తగ్గించి, చుట్టుపక్కల ఎవరూ వినకుండా చెప్పింది.

సిద్ధమ్మ చేతులు మెల్లగా వదిలేసింది. షామియానా గుంజలు పీకుతున్న మనుషుల వైపు కాసేపు చూసింది.

"ఇందాక మైకులో ఇది యాల సెప్పలా?" అని అడిగింది.

నాగరత్నమ్మ చేయి మెడలోని దండ మీదికి పోయింది.

"మీ నాయన సచ్చిపోయినాడు. ఆయన మింద ఏం సెప్పినా లేసొచ్చి అడగడు. అందుకని ఆయన తప్పు ఊరందరికీ సెప్పి దండేయించుకున్నావు. నీది మాత్రం నా సెవిలో సెప్తాండావు. ఆపొద్దు మీ నాయన సేసిందీ ఇదే గదా. మా నాయన సచ్చిపోయినాడు గాబట్టే ఆయన మింద తోసేసినాడు." అమ్మా అన్న పిలుపు ఆ మాటల్లో ఎక్కడా లేదు. సిద్ధమ్మ కొంగు భుజం మీదుగా లాక్కుని, రోడ్డు వైపు నడిచింది.

ఒక్క మాట అబద్ధం లేదు అందులో. నాగరత్నమ్మ దండ తీసి కుర్చీ మీద పెట్టి లేచింది. మైకు మనిషి అప్పటికే తీగలు చుట్టుకుంటున్నాడు.

"అప్పా, ఆ మైకు మళ్లీ పెట్టు" అంది.

మునిశేఖర్ ఉరికి వచ్చాడు. "సాలమ్మా, ఇప్పటికే చేసింది సాలు. జనం గూడా పోతాండారు. కారెక్కు."

"పోయేవాళ్లు పోనీ, ఉండేవాళ్లే వింటారు. నువ్వు పక్కకు జరుగు నాయనా."

మైకు గరగరమంది. బస్సు కోసం నిలబడ్డ పదిమంది, వంట గిన్నెలు కడుగుతున్న ఆడవాళ్లు, చాక్లెట్ల కోసం కొట్లాడుకుంటున్న పిల్లలు ఇటు తిరిగారు. పట్టుచీర ముసలమ్మ మైకు గుంజను రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉంది. "ఇందాక నేను చెప్పింది సగమే" అని మొదలుపెట్టింది. దీపం సంగతి, అగ్గిపుల్లల సంగతి, ఆరినదాన్ని నిలబడిందని చెప్పిన సంగతి, ఒక్కటీ వదలకుండా చెప్పింది. తిరుమలయ్యను చంపింది నేను అంది. ధనంజయ తల దించుకున్నాడు. ఐశ్వర్య నోటు పుస్తకం గుండెలకు హత్తుకుని, ఎవరో తెలియని మనిషిని చూసినట్టు అవ్వ వైపు చూసింది.

రోడ్డు మీద సిద్ధమ్మ నడక ఆగింది. మాట అయిపోయేదాకా ఆమె అక్కడే నిలబడి ఉంది. వెనక్కు మాత్రం తిరగలేదు.